పారిశ్రామిక ప్రాంగణం నుంచి పారే వాననీటి నాణ్యతను పరీక్షించడం, మెరుగుపరచడం ఎలా?

వాన మొదలైన తొలి పావుగంటలో ఒక కర్మాగారం చివరి కాలువ దగ్గర నిలబడి చూస్తే, ఆ ప్రాంగణంలో గత కొన్ని వారాలుగా ఏమేమి ఒలికిందో, ఏమేమి తుడవకుండా వదిలేశారో ఆ నీటిలోనే కనిపిస్తుంది. రేకుల కప్పు మీద పేరుకున్న ధూళి, లారీలు ఆగే చోట కారిన ఇంజన్ ఆయిల్, తుక్కు కుప్ప మీది తుప్పు, ముడిసరుకు దించేటప్పుడు రాలిన పొడి అన్నీ ఒకే కాలువలోకి చేరతాయి. ఉత్పత్తిలో వచ్చే వ్యర్థజలానికి శుద్ధి కేంద్రం ఉంటుంది, మీటరు ఉంటుంది, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి ఉంటాడు. వాననీటికి చాలాచోట్ల ఇవేవీ ఉండవు. అది నేరుగా పక్కనున్న వాగులోకో, చెరువులోకో, సముద్రంలోకో వెళ్లిపోతుంది.

కర్మాగారాల్లో పర్యావరణ బాధ్యత చూసేవారికీ, ఆ పనిలోకి కొత్తగా వస్తున్నవారికీ ఉపయోగపడేలా ఈ వ్యాసం రాస్తున్నాను. ప్రయోగశాల ఇచ్చే ప్రతి అంకెకూ ప్రాంగణంలో ఒక చిరునామా ఉంటుంది. ఆ చిరునామా దొరికేదాకా పరీక్ష పూర్తయినట్టు కాదన్నది నా గట్టి అభిప్రాయం, కింద చెప్పే పద్ధతులన్నీ ఆ వెతుకులాట కోసమే.

నీటి దారిని ముందు కాగితం మీద గీయండి

నమూనా సీసా పట్టుకోవడానికి ముందే ఒక పూట ప్రాంగణమంతా తిరగాలి. పాత డ్రాయింగులు ఉంటే వెంట తీసుకెళ్లండి కాని వాటిని పూర్తిగా నమ్మకండి. కొత్త షెడ్డు కట్టినప్పుడు మళ్లించిన పైపు, రోడ్డు ఎత్తు పెంచినప్పుడు మారిన వాలు, ఎవరో ఎప్పుడో సిమెంటు పోసి మూసేసిన చాంబరు వాటిలో కనిపించవు. ఏ కప్పు మీది నీరు ఏ గొట్టం గుండా దిగుతోంది, ఏ నేల ఎటు వాలి ఉంది, ప్రతి జాలీ కింది కాలువ ఎక్కడికి పోతోంది, చివరికి నీరు ఎన్నిచోట్ల ప్రహరీ దాటుతోంది అన్నవి గుర్తించి గీసుకోవాలి. అనుమానం వచ్చిన చోట ఒక బకెట్టు నీళ్లలో హానిచేయని రంగు కలిపి పోసి, అది ఎక్కడ తేలుతుందో చూస్తే అరగంటలో తెలిసిపోతుంది.

ఈ పటం మీదే ఆకాశం కింద జరిగే పనులన్నింటినీ చూపాలి. సరుకు ఎక్కించి దించే చోటు, డీజిల్ పోసే చోటు, ఖాళీ డ్రమ్ములు పేర్చిన మూల, తుక్కు కుప్ప, చెత్త డబ్బాలు, వాహనాలు కడిగే వేదిక, ధూళి గొట్టాల నోళ్లు, కూలింగ్ టవర్ల చుట్టుపక్కల నేల, మరమ్మతు కోసం బయట పడేసిన యంత్రాలు, వీటిలో ఏదీ వదలకూడదు. పక్క స్థలం నుంచి మీ ప్రాంగణంలోకి నీరు వచ్చే చోట్లు ఉంటే వాటినీ గుర్తించండి. ఆ నీరు లోపలికి వచ్చేటప్పుడే మురికిగా ఉంటే, దాని లెక్క వేరుగా తేల్చాల్సి ఉంటుంది.

పటం పూర్తయ్యాక, కనీసం మూడు రోజులుగా వాన లేని ఒక రోజు చూసుకుని ప్రతి తూము దగ్గరికీ వెళ్లండి. ఎండ కాస్తున్న రోజున వాననీటి కాలువలో నీరు పారుతోందంటే ఆ నీరు వానది కాదు. అది చేతులు కడిగే సింకుదో, కంప్రెసర్ వదిలే నీరో, ఫ్లోరు కడిగిన నీరో, పొరపాటున ఈ కాలువకు కలిపిన మురుగు పైపుదో అయి ఉంటుంది. దాన్ని తేల్చడానికి చేతిలో పట్టుకునే పరికరాలతో పీహెచ్, విద్యుత్ వాహకత, ఉష్ణోగ్రత చూస్తే సగం సంగతి తెలుస్తుంది. క్లోరిన్ కనిపిస్తే కుళాయి నీరని, అమ్మోనియా ఎక్కువగా ఉంటే మరుగుదొడ్ల నీరని, నురగ కట్టే డిటర్జెంటు కనిపిస్తే కడుగునీరని అనుమానించాలి. ఇలాంటి తప్పు కలయికలను సరిచేయకుండా వాన నమూనాలు తీయడం మొదలుపెడితే, వచ్చిన ఫలితం వానదా, పైపుదా అన్నది ఎప్పటికీ తేలదు.

నీటి పరిమాణాన్ని అంచనా వేయడం కష్టమేమీ కాదు. ఒక చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీరు. 2 హెక్టార్ల ప్రాంగణం, అంటే 20,000 చదరపు మీటర్లు, దాదాపు అంతా కాంక్రీటూ రేకుల కప్పులే అయితే, పడిన వానలో సుమారు 90 శాతం పారిపోతుందనుకోవచ్చు. అప్పుడు 10 మిల్లీమీటర్ల వానకు 1,80,000 లీటర్ల నీరు ప్రహరీ దాటుతుంది. ఆ నీటిలో లీటరుకు 300 మిల్లీగ్రాముల మడ్డి ఉందంటే, ఒక్క వానలో 54 కిలోల మడ్డి వాగులో కలిసినట్టు. లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని చెబితే పట్టించుకోని యాజమాన్యం కూడా ఒక బస్తా మడ్డి అని చెబితే ఆగి వింటుంది కాబట్టి ఈ లెక్కను ప్రతి నివేదికలోనూ వేయమని నా సలహా.

ఏమేమి కొలవాలి

ఏ పరిశ్రమకైనా పనికొచ్చే కొలతలు కొన్ని ఉన్నాయి. పీహెచ్, నీటిలో తేలియాడే ఘనపదార్థాలు, అంటే ల్యాబులో టీఎస్ఎస్ అనేది, నూనె-గ్రీజు, సీఓడీ (నీటిలోని మురికిని రసాయనికంగా ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత), విద్యుత్ వాహకత. వీటిలో ఘనపదార్థాల కొలతకు నేను ఎక్కువ ప్రాధాన్యం ఇస్తాను. ఎందుకంటే సీసం, రాగి, జింకు వంటి లోహాలూ, వాహనాల పొగలో ఉండే కర్బన విషాలూ చాలావరకు సన్నని మట్టి రేణువులకు అంటుకునే ప్రయాణిస్తాయి. మడ్డిని ఆపగలిగితే వాటిలో పెద్ద వాటా దానితోపాటే ఆగిపోతుంది.

ఆపైన కొలవాల్సినవి మీ ప్రాంగణంలో ఏముందన్న దాన్నిబట్టి మారతాయి. పాత బ్యాటరీలు నిల్వచేసే చోట సీసం, తుక్కు లోహాలు నరికే చోట రాగి, జింకు, అల్యూమినియం, ఇనుము, ఎరువులు నింపే గోదాముల దగ్గర నత్రజని, భాస్వరం, ఆహార పదార్థాల పరిశ్రమలో బీఓడీ (నీటిలోని సేంద్రియ మురికిని సూక్ష్మజీవులు తినడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత), లోహపు పూత పని చేసే చోట క్రోమియం, నికెల్ చూడాలి. ప్లాస్టిక్ వస్తువులు తయారుచేసే చోట ముడిసరుకుగా వచ్చే చిన్న గుళికలు నేలమీద రాలి, వాననీటిలో తేలుతూ కాలువ వెంట పోతాయి. వీటిని ల్యాబు పరీక్ష పట్టుకోదు, తూము దగ్గర సన్నని వల కట్టి చూడాల్సిందే.

వాహనాలు ఎక్కువగా తిరిగే ప్రాంగణాలు టైర్ల అరుగుదలను తేలిగ్గా తీసుకోకూడదు. టైరు రబ్బరు పాడవకుండా కలిపే 6పీపీడీ అనే రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి 6పీపీడీ-క్వినోన్‌గా మారుతుందని, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రపు వాగుల్లో వాన పడ్డాక కోహో సాల్మన్ చేపలు గుడ్లు పెట్టకముందే చనిపోవడానికి అదే కారణమని 2020 చివర్లో పరిశోధకులు తేల్చారు. ఆ చేపల చావును అంతకు ముందు ఎన్నో ఏళ్లుగా చూస్తున్నా కారణం అంతుపట్టలేదు. లోహాలకూ నూనెకూ పరీక్ష చేసి ఊరుకుంటే సరిపోదని ఈ ఉదంతం చూశాక నాకు బాగా అర్థమైంది.

లోహాల విషయంలో మొత్తం ఎంత, కరిగి ఉన్నది ఎంత అని రెండు రకాలుగా అడగవచ్చు. చేపలకూ నీటిపురుగులకూ ముఖ్యంగా హాని చేసేది కరిగి ఉన్న భాగం. నీటి కఠినత్వం తక్కువగా ఉంటే అదే మోతాదు జింకు మరింత విషమవుతుంది. అందువల్ల లోహాలు కొలిచిన ప్రతిసారీ నీరు చేరే వాగు కఠినత్వం కూడా కొలవాలి. శుద్ధి పద్ధతిని ఎంచుకునేటప్పుడు కూడా ఈ తేడా పనికొస్తుంది. మడ్డికి అంటుకున్న జింకును, నీటిని నిలబెట్టి మడ్డిని కింద చేర్చే తొట్టి ఆపుతుంది, కరిగిన జింకును ఆపలేదు.

నమూనా తీసే రోజు

చాలా పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. పొడి రోజుల్లో పేరుకున్న మురికిని తొలి నీరు కడిగేస్తుంది. ల్యాబుల్లో దీన్ని ఫస్ట్ ఫ్లష్ అంటారు, తెలుగులో తొలి కడుగు అనుకోవచ్చు. ముఖ్యంగా చిన్న ప్రాంగణాల్లో, నేలంతా కాంక్రీటు అయిన చోట, తొలి అరగంట నీటికీ గంట తర్వాతి నీటికీ పోలికే ఉండదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ పరిశ్రమల వాననీటి అనుమతుల్లో, ముందు కనీసం 72 గంటలు వాననీటి ప్రవాహం లేని వానను ఎంచుకోవాలనీ, నీరు బయటికి రావడం మొదలైన 30 నిమిషాల లోపు నమూనా పట్టాలనీ చెప్పడానికి కారణం ఇదే. మీ దేశంలో నిబంధన వేరుగా ఉంటే దాన్నే పాటించాలి, లేకపోతే ఈ పద్ధతి అనుసరించదగ్గదే.

వాన చెప్పి రాదు కాబట్టి సరంజామా ముందే సిద్ధంగా ఉండాలి. ల్యాబు నుంచి తెచ్చిన సీసాలు, వాటి మీద పేర్లు రాసిన చీటీలు, ఐసు వేసుకునే పెట్టె, చేతి తొడుగులు, పీహెచ్ మీటరు, చెరగని కలం, నీటికి తడవని పుస్తకం, పొడవాటి కర్రకు బిగించిన పాత్ర ఒకేచోట పెట్టి ఉంచండి. నమూనాకు ఎప్పుడూ ఇద్దరు వెళ్లాలి. ఉరుములు మెరుపులు ఉంటే ఆగాలి. మ్యాన్‌హోలులోకి ఎట్టి పరిస్థితుల్లోనూ దిగకూడదు. అడుగున చేరే హైడ్రోజన్ సల్ఫైడ్ ఊపిరి తీయడానికి నిమిషాలు చాలు, నమూనా కోసం ప్రాణం పణంగా పెట్టాల్సిన అవసరం ఏ నిబంధనలోనూ లేదు.

నీరు కలియబారుతూ వేగంగా వచ్చే చోట, ప్రవాహం మధ్యలో, సీసా మూతిని ప్రవాహానికి ఎదురుగా పెట్టి పట్టాలి. అడుగున పేరుకున్న మడ్డిని కదిలిస్తే అది ఈ వానది కాదు, పోయిన వానలది. పైన తేలే తెట్టును మాత్రమే తోడినా లెక్క తప్పుతుంది. నూనె-గ్రీజు నమూనాకు తప్పనిసరిగా గాజు సీసా వాడాలి, దాన్ని ముందుగా కాలువ నీటితో కడగకూడదు, మరో పాత్రలో పట్టి ఇందులోకి ఒంపకూడదు. నూనె ప్లాస్టిక్‌కూ పాత్ర గోడలకూ అంటుకుపోతుంది కాబట్టి అలా చేస్తే ల్యాబుకు చేరేసరికి సగం మాయమవుతుంది.

పీహెచ్ అక్కడికక్కడే, 15 నిమిషాల లోపు చూడాలి. ల్యాబుకు చేరాక తీసిన పీహెచ్‌కు విలువ లేదు. లోహాల సీసాలో నైట్రిక్ ఆమ్లం వేసి పీహెచ్ 2 కంటే కిందికి తెస్తే ఆరు నెలల దాకా నిలుస్తుంది. కరిగిన లోహాలు కావాలంటే ఆమ్లం వేయక ముందే 0.45 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వడపోత నుంచి పంపాలి, ఈ క్రమం తప్పితే మట్టికి అంటుకున్న లోహం కూడా కరిగి లెక్కలో చేరిపోతుంది. సీఓడీకీ, నూనె-గ్రీజుకూ ఆమ్లం వేసి చల్లగా ఉంచితే 28 రోజుల వ్యవధి ఉంటుంది. ఘనపదార్థాలకు ఆమ్లం అవసరం లేదు, చల్లగా ఉంచి 7 రోజుల్లో చేయాలి. బీఓడీకి 48 గంటలే గడువు, కాబట్టి శనివారం సాయంత్రం కురిసిన వానకు బీఓడీ పట్టే ముందు ల్యాబు ఆదివారం తెరిచి ఉంటుందో లేదో కనుక్కోవాలి. సీసాలో ముందే ఆమ్లం పోసి ఇచ్చి ఉంటే పొంగి పొర్లేలా నింపకూడదు.

జింకు కొలిచేటప్పుడు మరికొంత జాగ్రత్త కావాలి. జింకు పూత ఉన్న బకెట్టు, ఇత్తడి కుళాయి, పొడి చల్లిన చేతి తొడుగులు, తూము మీద బిగించిన జింకు పూత జాలీ, వీటిలో ఏది తగిలినా నమూనాలో లేని జింకు వచ్చి చేరుతుంది. ఈ అనుమానం తీరడానికి ఒక సీసాలో శుద్ధజలాన్ని అదే పాత్రతో, అదే చోట, అదే తొడుగులతో నింపి, మిగతావాటితో పాటే పంపాలి. అందులోనూ జింకు కనిపిస్తే తప్పు కాలువది కాదు, మన సామగ్రిది. ప్రతి పది నమూనాలకూ ఒకటైనా జంట నమూనా, అంటే అదే చోట అదే సమయంలో మరో సీసా, తీస్తే ల్యాబు నిలకడ కూడా తెలుస్తుంది.

నమూనా ఎవరు తీశారు, ఎన్ని గంటలకు, వాన ఎప్పుడు మొదలైంది, ఎన్ని మిల్లీమీటర్లు పడింది, ముందు ఎన్ని రోజులు పొడిగా ఉంది, ఆ రోజు యార్డులో ఏ పని నడుస్తోంది అన్నవి అక్కడే రాయాలి. చివరిది అందరూ మరిచిపోతారు. ఆరు నెలల తర్వాత ఒక అంకె ఎందుకు అంత పెరిగిందని వెతికేటప్పుడు ఆ ఒక్క వాక్యమే దారి చూపిస్తుంది.

ఒకే సీసా తొలి కడుగును చూపుతుంది కాని మొత్తం వానలో ఎంత మురికి పోయిందో చెప్పదు. దానికి వాన పొడవునా కొన్ని నమూనాలు తీసి, ప్రవాహాన్నిబట్టి సగటు కట్టాలి. ఒక వానలో మొదటి 10 ఘనపు మీటర్ల నీటిలో మడ్డి లీటరుకు 600 మిల్లీగ్రాములు, తర్వాతి 40 ఘనపు మీటర్లలో 200, ఆఖరి 50 ఘనపు మీటర్లలో 60 ఉందనుకుందాం. మూడు అంకెలనూ కలిపి మూడుతో భాగిస్తే 287 వస్తుంది, అది తప్పు. విడివిడిగా మడ్డి బరువు కడితే 6, 8, 3 కిలోలు, మొత్తం 17 కిలోలు. దాన్ని 100 ఘనపు మీటర్లతో భాగిస్తే అసలు సగటు లీటరుకు 170 మిల్లీగ్రాములు. ఈ మూడు అంకెల్లో గమనించాల్సింది ఇంకొకటి ఉంది. చూడటానికి నల్లగా ఉన్న మొదటి నీటి కంటే, కొంచెం తేటగా కనిపించిన రెండో విడత నీరే ఎక్కువ మడ్డిని మోసుకుపోయింది. తొలి కడుగును మాత్రమే పట్టి నిల్వచేసే తొట్టి కట్టాలనుకునేవారు ముందుగా తమ ప్రాంగణంలో ఇలాంటి లెక్క కట్టి చూసుకోవాలి.

సీసాను కంటితో చదవడం

ల్యాబు ఫలితం రావడానికి రోజులు పడుతుంది, కన్ను వెంటనే చెబుతుంది. రంగులేని గాజు సీసాలో నీరు పట్టి, వెనుక తెల్ల కాగితం పెట్టి, మంచి వెలుతురులో చూడండి. రంగు, వాసన, తేటదనం, పైన తేలే చెత్త, మధ్యలో వేలాడే రేణువులు, అడుగు మడ్డి, నురగ, నూనె పొర, ఈ ఎనిమిదింటినీ వరుసగా రాయాలి. సీసాను మెల్లగా ఊపితే నిలిచి ఉండే నురగ డిటర్జెంటుకు గుర్తు. ఆ తర్వాత సీసాను కదపకుండా అరగంట పక్కన పెట్టండి. అడుగున గరుకు ఇసుక చేరి, పైన నీరు తేటపడితే చిన్న తొట్టితోనే మీ సమస్యలో చాలా భాగం తీరుతుంది. అరగంటైనా నీరు పాలవిరుగుడులా మసగ్గానే ఉంటే అందులో ఉన్నది బంకమట్టి వంటి సన్నని రేణువు, దాన్ని తొట్టి ఆపలేదు.

నీటి మీద ఇంద్రధనుస్సు రంగుల్లో మెరిసే పొర కనిపించగానే నూనె అనుకోవడం సహజం. ఒక పుల్లతో ఆ పొరను చీల్చి చూడండి. పెట్రోలియం నూనె అయితే చీలిన చోటు మళ్లీ కలుసుకుని, సుడులు తిరుగుతూ సాగుతుంది. ఇనుమును తినే సూక్ష్మజీవుల పొర అయితే పగిలిన అద్దం పెంకుల్లా ముక్కలై, విడిగానే తేలుతుంది. నీరు నిలిచే గుంటల్లో రెండోది తరచుగా కనిపిస్తుంది, దాని కోసం నూనె వేరుచేసే యంత్రం కొనడం వృథా.

అంకె నుంచి చోటు దాకా

ఫలితం వచ్చాక దాన్ని దేనితో పోల్చాలన్నది మొదటి ప్రశ్న. అమెరికా అనుమతుల్లో సూచికగా పెట్టుకున్న విలువలు ఘనపదార్థాలకు లీటరుకు 100 మిల్లీగ్రాములు, సీఓడీకి 120 మిల్లీగ్రాములు, పీహెచ్‌కు 6 నుంచి 9. మంచినీటి వాగుల్లోకి పోయే జింకుకు, వాగు కఠినత్వాన్నిబట్టి, సుమారు 0.04 నుంచి 0.26 మిల్లీగ్రాముల దాకా. ఇవి దాటితే నేరం అని కాదు, దాటితే ప్రాంగణంలో ఏం మార్చాలో వెతకాలని అర్థం. ఈ దృష్టి నాకు చాలా సరైనదిగా తోస్తుంది. మీకు వర్తించే చట్టపరమైన పరిమితి వేరే ఉంటే దాన్ని దాటకూడదన్నది ఎలాగూ తప్పదు. ల్యాబుకు నమూనా పంపే ముందే వారు ఎంత తక్కువ దాకా కొలవగలరో అడగండి. 0.1 మిల్లీగ్రాము కంటే తక్కువ కొలవలేని ల్యాబు జింకు కనిపించలేదని రాసిస్తే, 0.04 దగ్గర ఉండాల్సిన చోట ఆ మాటకు అర్థం ఉండదు.

ఇక వెతుకులాట. తూము దగ్గర జింకు లీటరుకు 0.8 మిల్లీగ్రాములు వచ్చిందనీ, కర్మాగారంలో జింకు వాడే పనే లేదనీ అనుకుందాం. తర్వాతి వానకు తూము దగ్గరే కాక, పటం చూసి కాలువ రెండుగా చీలే ప్రతి చాంబరు దగ్గరా ఒక సీసా పట్టాలి. ఎక్కువ జింకు వచ్చిన కొమ్మ వెంటే మళ్లీ పైకి పోవాలి. రెండు మూడు వానల్లో ఈ దారి షెడ్డు కప్పు నుంచి దిగే గొట్టం దగ్గర ఆగడం చాలా తరచుగా జరుగుతుంది. జింకు పూత రేకుల మీద పడిన వాన, కాస్త ఆమ్లత్వంతో ఉంటుంది కాబట్టి, పూతను ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కరిగిస్తూనే ఉంటుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు కలవడం వల్లే శుభ్రమైన వాన పీహెచ్ కూడా సుమారు 5.6 ఉంటుంది. గొట్టం కింద పట్టిన నీరు చూడటానికి మంచినీళ్లలా తేటగా ఉంటుంది, మడ్డి ఉండదు, జింకు మాత్రం తూము దగ్గరి కంటే ఎక్కువ. ఆ తేట నీటిని చూసి ఎవరూ అనుమానించరు. దీనికి మందు రేకులకు సరైన రంగు వేయించడమో, గొట్టం కింద వడపోత పెట్టడమో తప్ప, యార్డును ఎంత ఊడ్చినా ఫలితం మారదు.

చోటు దొరికాక చేయాల్సినవి

వానకు తగలని వస్తువు వాననీటిని పాడు చేయదు. కప్పు వేయగలిగిన దానికి కప్పు వేయండి, లోపలికి చేర్చగలిగిన దాన్ని లోపల పెట్టండి, అవసరం లేని తుక్కును పంపించేయండి. నూనె, రసాయనాల ట్యాంకుల చుట్టూ కట్టే గోడ, లోపలి పెద్ద ట్యాంకులో పట్టే పరిమాణానికి 110 శాతం పట్టేలా ఉండాలన్నది చాలాచోట్ల పాటించే నియమం. ఆ గోడకు వాన నీరు వదిలే వాల్వు ఉంటే అది ఎప్పుడూ మూసే ఉండాలి, తెరిచే ముందు నీటిని కళ్లారా చూడాలి. ఒలికిన నూనె మీద పొట్టో, పీల్చే పొడో చల్లి ఎత్తేయాలి. గొట్టం పెట్టి కడిగితే ఆ క్షణానికి నేల శుభ్రంగా కనిపిస్తుంది, మురికి మాత్రం వాన కోసం ఆగకుండానే కాలువలోకి పోతుంది. ఊడ్చే యంత్రం కొనేటప్పుడు గాలితో పీల్చే రకం ఎంచుకోవడం మంచిది. చీపురు చక్రాలు మాత్రమే ఉన్న యంత్రం పెద్ద రాళ్లను ఎత్తి సన్నని ధూళిని వదిలేస్తుంది, లోహం ఎక్కువగా ఉండేది ఆ ధూళిలోనే.

మూలం దగ్గర ఆపగా మిగిలినదానికే శుద్ధి. నీటిని నిలబెట్టి మడ్డిని కింద చేర్చే తొట్టి అన్నిటికంటే చవక, కాని దాని హద్దు తెలిసి కట్టాలి. 0.01 మిల్లీమీటర్ల ఒండ్రు రేణువు నిశ్చలమైన నీటిలో ఒక మీటరు దిగడానికి సుమారు 3 గంటలు పడుతుంది. 0.001 మిల్లీమీటర్ల బంకమట్టి రేణువుకు అదే దూరం దిగడానికి దాదాపు 13 రోజులు కావాలి, ఎందుకంటే రేణువు పదో వంతుకు తగ్గితే వేగం నూరో వంతుకు తగ్గుతుంది. అరగంట సీసా పరీక్షను నేను అంతగా నొక్కి చెప్పడానికి కారణం ఈ లెక్కే. తొట్టిలో చేరిన మడ్డిని ఎప్పటికప్పుడు తీయకపోతే తర్వాతి పెద్ద వాన దాన్నంతా లేపి ఒకేసారి బయటికి తోస్తుంది, అప్పుడు తొట్టి లేనప్పటి కంటే నీరు మురికిగా పోతుంది.

నూనెను వేరుచేసే గదులు పైకి తేలే నూనెను పట్టుకుంటాయి. మామూలు రకం గదులను సుమారు 150 మైక్రాన్ల కంటే పెద్ద చుక్కల కోసం రూపొందిస్తారు. డిటర్జెంటు కలిస్తే నూనె సన్నని చుక్కలుగా విడిపోయి నీటితో పాటే జారిపోతుంది, కాబట్టి వాహనాలు కడిగే వేదిక నీటిని ఈ గదికి కలపకూడదు. కరిగిన లోహాలకు కంపోస్టు, జియోలైటు అనే ఖనిజం వంటి పదార్థాల పడకలు, మొక్కలు పెంచిన వడపోత గుంటలు పనిచేస్తాయి. అయితే ఇంధనం, లోహాల మీది జిడ్డు తీసే ద్రావకాలు వాడే చోట నీటిని నేలలోకి ఇంకించడం మాత్రం వద్దు. వాగును కాపాడబోయి భూగర్భజలాన్ని పాడుచేసినట్టవుతుంది, అక్కడ పడిన ద్రావకాన్ని తీయడానికి దశాబ్దాలు పట్టవచ్చు. అలాంటి చోట గుంట అడుగున నీరు దిగని పొర వేసి, వడిసిన నీటిని పైపుతో బయటికి తేవాలి.

చివరి తూముకు మూసే వాల్వు పెట్టించడానికి అయ్యే ఖర్చుకు ఎవరూ వెనకాడకూడదని కోరుతున్నాను. 1986 నవంబరు 1న స్విట్జర్లాండ్‌లోని బాసెల్ దగ్గర సాండోజ్ సంస్థ రసాయనాల గోదాములో మంటలు లేచినప్పుడు, మంటలార్పడానికి చల్లిన నీరు పురుగుమందులను మోసుకుంటూ రైన్ నదిలో కలిసింది. అందులో ఉన్న రంగు వల్ల నది ఎర్రబారింది, వందల కిలోమీటర్ల మేర ఈల్ చేపలు చచ్చిపోయాయి. ఆ రోజు నదిని పాడుచేసిన నీరు ఆకాశం నుంచి పడలేదు, అయినా యార్డులో పారే ఏ నీరైనా వెళ్లేది వాననీటి దారుల్లోనే. వాల్వు ఎక్కడుందో, దాన్ని ఎటు తిప్పితే మూసుకుంటుందో రాత్రి కాపలా మనిషికి కూడా తెలిసి ఉండాలి. ఏడాదికి రెండుసార్లైనా తిప్పి చూడకపోతే తుప్పు పట్టి అవసరానికి కదలదు.

మార్పు చేశాక ఒక్క వాన ఫలితం చూసి సంబరపడకూడదు, దిగులు పడకూడదు. చిన్న వానకూ పెద్ద వానకూ, రెండు రోజుల పొడికీ ఇరవై రోజుల పొడికీ తేడా ఎంత ఉంటుందంటే, ఏమీ మార్చకపోయినా అంకె సగానికి పడవచ్చు, రెట్టింపు కావచ్చు. మార్పుకు ముందు కనీసం నాలుగైదు వానలు, తర్వాత నాలుగైదు వానలు, ఒకే చోట, ఒకే పద్ధతిలో కొలిచి, పక్కన వాన మిల్లీమీటర్లనూ పొడి రోజుల సంఖ్యనూ రాసి చూస్తేనే తేడా నిజమో కాదో తెలుస్తుంది. ఈ కొలతల మధ్య కాలంలో నమూనా తీసే మనిషి మారితే, కొత్తగా వచ్చినవారిని ఒక వానకైనా పాత మనిషి వెంట తూము దగ్గరికి పంపండి. సీసా మూతి ఎటు పెట్టాలో, కాలు ఎక్కడ జారుతుందో అక్కడ నిలబడి చూపిస్తేనే పట్టుబడుతుంది.